వినేవాడు లేని చదరంగం: జ్వైగ్ నవలిక, స్టోల్జల్ సినిమా

ఫిలిప్ స్టోల్జల్ దర్శకత్వంలో 2021 సెప్టెంబరులో జర్మనీ థియేటర్లకు వచ్చిన ‘షాఖ్‌నొవెల్లె’ (చదరంగ నవలిక) సినిమా ముగిశాక ప్రేక్షకుడి మనసులో మిగిలే మొదటి సందేహం కథలోని ఓడ గురించే. రోటర్‌డామ్ రేవులో భర్తతో కలిసి ఓడ ఎక్కిన భార్య నడిసముద్రంలో ఎలా మాయమైంది? వియన్నాలో విచారణ జరిపిన గెస్టాపో (నాజీల రహస్య పోలీసు) అధికారి ముఖమూ, ఓడలో చదరంగం ఆడే ప్రపంచ ఛాంపియన్ ముఖమూ ఒక్కటే ఎందుకయ్యాయి? ఓడ నిజమా, లేక ఆ మనిషి తలలో నడిచిన భ్రమా? దీనికి మూలమైన, అదే పేరున్న స్టెఫాన్ జ్వైగ్ నవలిక చదివినవారికి ఈ చిక్కు తీరకపోగా ఇంకొంచెం బిగుస్తుంది, ఎందుకంటే పుస్తకంలో ఓడ నూటికి నూరుపాళ్లూ నిజం, అక్కడ భార్య ఊసే లేదు, ఛాంపియన్‌కూ గెస్టాపోకూ ఏ సంబంధమూ లేదు.

పుస్తకానికీ సినిమాకూ మధ్య ఉన్న తేడాలన్నీ ఒక్క మార్పు నుంచి పుట్టాయని నా అభిప్రాయం. నవలికలో ఖైదీ తన కథను మరొక మనిషికి చెప్పుకుంటాడు. సినిమా ఆ వినే మనిషిని తీసేసింది. అతడు లేకపోవడంతో చెరసాల కథ గతంగా మారే అవకాశం పోయి, ఎప్పటికీ వర్తమానంగానే మిగిలిపోయింది. ఇది ఎలా జరిగిందో అర్థం కావాలంటే ముందు నవలిక నిర్మాణాన్ని విప్పి చూడాలి.

జ్వైగ్ 1881లో వియన్నాలో సంపన్న యూదు కుటుంబంలో పుట్టాడు. 1934లో సాల్స్‌బర్గ్‌లోని తన ఇంటిని పోలీసులు సోదా చేయడంతో ఆస్ట్రియా విడిచి ఇంగ్లండ్ చేరాడు. యుద్ధం మొదలయ్యాక అమెరికా మీదుగా బ్రెజిల్ వెళ్లి, 1941 సెప్టెంబరులో రియోకు ఎగువన కొండల మీదున్న పెట్రోపోలిస్ పట్టణంలో స్థిరపడ్డాడు. ఈ నవలిక రాసింది అక్కడే. తన భాషలో తనను చదివే దేశం లేదు, తన పుస్తకాలను జర్మనీలో తగలబెట్టారు, పొద్దుపోవడానికి చదరంగం పుస్తకం ఒకటి తెచ్చుకుని, భార్య లొట్టెతో కలిసి అందులోని ఆటలను బల్ల మీద తిరిగి ఆడేవాడు. అదే ఊళ్లో ప్రవాసంలో ఉన్న పాత్రికేయుడు ఎర్న్‌స్ట్ ఫెడర్ ఆయనకు ఆటలో జోడీ. జ్వైగ్ గొప్ప ఆటగాడేమీ కాదని ఆ ఫెడరే చెప్పాడు. 1942 ఫిబ్రవరిలో టైపు ప్రతులను ప్రచురణకర్తలకు పోస్టు చేసిన ఒకటి రెండు రోజులకే భార్యాభర్తలిద్దరూ నిద్రమాత్రలు మింగి చనిపోయారు. పుస్తకం జర్మన్ భాషలో మొదట అచ్చయింది జర్మనీలోనూ కాదు, ఆస్ట్రియాలోనూ కాదు. ఆ ఏడాది చివర్లో అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఏర్స్‌లో కొద్ది ప్రతులుగా వెలువడి, 1943లో స్టాక్‌హోమ్ ముద్రణతో విస్తృతంగా పాఠకులకు చేరింది.

నవలిక మూడు పొరలుగా ఉంటుంది. పైపొరలో పేరు చెప్పని కథకుడు న్యూయార్క్ నుంచి బ్యూనస్ ఏర్స్ వెళ్లే ఓడ ఎక్కుతాడు. అదే ఓడలో ప్రపంచ ఛాంపియన్ మిర్కో చెంతోవిచ్ ఉన్నాడని ఒక మిత్రుడి ద్వారా తెలుస్తుంది. రెండో పొర ఆ చెంతోవిచ్ గతం. డాన్యూబ్ నది మీద పడవ నడిపేవాడి కొడుకు, తండ్రి పోతే ఊరి పాదిరీ చేరదీశాడు, ఎంత చెప్పినా చదువు తలకెక్కలేదు, రాయాలంటే ఒక్క వాక్యమూ తప్పు లేకుండా రాదు, కానీ చదరంగంలో మాత్రం ఎదురులేదు. మూడో పొరలో డాక్టర్ బి అనే వియన్నా న్యాయవాది ఓడ డెక్ మీద కుర్చీలో కూర్చుని తన చెరసాల కథను కథకుడికి చెబుతాడు. పుస్తకానికి గుండెకాయ ఈ మూడో పొరే అయినా, దాన్ని మనం నేరుగా కాకుండా ఒకరి చెవి ద్వారా వింటాం. జర్మన్ నవలిక ప్రక్రియకు ఈ అలవాటు పాతదే. జరిగిన ఒక అపూర్వ ఘటనే నవలిక అని జర్మన్ మహాకవి గోథే 1827లో తన సహచరుడు ఎకర్‌మన్‌తో అన్న మాటను సాహిత్య విద్యార్థులు ఇప్పటికీ వల్లిస్తారు. ఆ అపూర్వ ఘటనను నమ్మించడానికి దాన్ని చూసినవాడో, చూసినవాడి నోట విన్నవాడో ఒకడు మధ్యలో ఉండడం ఆ ప్రక్రియ పద్ధతి.

ఇక మూడో పొరలో జరిగేదేమిటి? డాక్టర్ బి కుటుంబానిది గుట్టుగా నడిచే న్యాయవాద కార్యాలయం. బోర్డు ఉండదు, ప్రకటన ఉండదు. పెద్ద క్రైస్తవ మఠాల ఆస్తులూ, పాత చక్రవర్తి కుటుంబంలో కొందరి నిధులూ వీరి చేతుల మీదుగా నడుస్తాయి. హిట్లర్ ఒత్తిడికి ఆస్ట్రియా ఛాన్సలర్ షుష్నిగ్ రాజీనామా ప్రకటించిన సాయంత్రమే, అంటే 1938 మార్చి 11న, నాజీల ఎస్ఎస్ దళం మనుషులు వచ్చి పట్టుకుపోతారు. ముఖ్యమైన కాగితాలను అంతకుముందే పనిమనిషి బట్టల బుట్టలో దాచి దాటించింది. ఉన్న సమాచారమంతా ఇప్పుడు మనిషి బుర్రలోనే ఉంది. అలాంటివాడిని డాఖావ్ నిర్బంధ శిబిరానికి పంపి రాళ్లు మోయిస్తే వచ్చే లాభం లేదు, అందుకే మెట్రోపోల్ హోటల్లో ఒక గది ఇస్తారు. మంచం, కుర్చీ, ముఖం కడుక్కునే తొట్టి, కమ్మీలున్న కిటికీ, ఎదురుగా ఇటుక గోడ. పుస్తకం లేదు, పెన్సిల్ లేదు, గడియారం లేదు. భోజనం తెచ్చే కాపలావాడు ఒక్క మాట మాట్లాడడు. కొట్టరు, తిట్టరు, ఆకలితో మాడ్చరు. మనసు తనను తాను తినడం మొదలుపెట్టేదాకా వదిలేస్తారు, అంతే.

ఈ భాగంలో జ్వైగ్ పనితనం తెలియాలంటే పుస్తకం దొంగిలించే ఘట్టాన్ని నిదానంగా చదవాలి. నాలుగు నెలల తర్వాత ఒక రోజు విచారణకు పిలిచి పక్కగదిలో రెండు గంటలకు పైగా నిలబెడతారు. గోడ మీద క్యాలెండరు జులై 27 అని చూపిస్తోంది. కళ్లకు నెలల తరబడి కొత్తది ఏదీ దొరకని ఆ మనిషి ఆ అంకెలను కళ్లతో మింగేస్తాడు. కొక్కేలకు వేలాడుతున్న తడిసిన సైనిక కోట్ల మీద పడుతుంది చూపు. ఒక కోటు మడతలో నిలిచిన నీటిబొట్టు కిందికి జారుతుందా, పట్టుకుని నిలుస్తుందా అని నిమిషాల పాటు ఊపిరి బిగబట్టి చూస్తాడు. ఆ తర్వాతే ఒక కోటు జేబు చతురస్రాకారంలో ఉబ్బి ఉండడం గమనిస్తాడు. పుస్తకం! గోడకు ఆనుకుని, చేతులు వెనక్కి పెట్టి, దాన్ని మెల్లగా జేబులోంచి పైకి నెట్టి, నడుము పట్టీలో దోపుకుని, విచారణ అంతసేపూ జారకుండా చేత్తో అదిమిపట్టి గదికి తెచ్చుకుంటాడు. గోథేనో హోమరో దొరికి ఉంటాడని ఆశపడి తెరిచి చూస్తే 150 చదరంగం ఆటల సంకలనం. ఆటల పేర్లు, గడుల గుర్తులు, బీజగణితంలా కనిపించే అక్షరాలూ అంకెలూ తప్ప అందులో మరేమీ లేవు. కోపంతో దాన్ని విసిరికొట్టాలనుకుంటాడు.

విసరడు. గళ్ల దుప్పటిని అరవై నాలుగు గడులు వచ్చేలా మడిచి బల్లగా చేసుకుంటాడు. రోజూ ఇచ్చే రొట్టెలో కొంత మిగిల్చి పావులు చేసి, సగం పావులకు దుమ్ము పులిమి నల్లపావులుగా మారుస్తాడు. వారం తిరిగేలోపు ఒక ఆటను తప్పు లేకుండా ముగించగలుగుతాడు. ఇంకో వారానికి రొట్టె పావులు అక్కర్లేదు. మరో వారానికి దుప్పటీ అక్కర్లేదు, గడులన్నీ కంటి వెనకే కనిపిస్తుంటాయి. రెండున్నర, మూడు నెలలు ఆ 150 ఆటలూ అతడిని బతికిస్తాయి. ఆ తర్వాత అసలు ప్రమాదం మొదలవుతుంది. అన్ని ఆటలూ కంఠతా వచ్చేశాక ఎత్తుకు ముందే పైఎత్తు తెలిసిపోతుంటే ఆటలో పస ఉండదు. గత్యంతరం లేక తనతో తానే ఆడడం మొదలుపెడతాడు.

చదరంగం తెలిసినవారు ఇక్కడ ఒక అభ్యంతరం లేవనెత్తవచ్చు, అది న్యాయమైనదే. మనసులో బల్లను నిలుపుకుని ఆడడం అసాధ్యమేమీ కాదు. 1933లో నాటి ప్రపంచ ఛాంపియన్ అలెఖిన్ షికాగోలో బల్ల చూడకుండా ఒకేసారి 32 మందితో ఆడాడు. కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక, పెంటేల హరికృష్ణ ఆటలను అనుసరించే తెలుగు పాఠకులకు ఈ విద్య గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. నాలుగు నెలల ఒంటరితనం తర్వాత, చిన్నప్పటి తర్వాత పావు ముట్టని ఒక న్యాయవాది కొద్ది వారాల్లో దీన్ని సాధించడం మాత్రం కొంత అతిశయమే. అయితే ఏకాంత ఖైదులో చదరంగం మనసును కాపాడిన ఉదాహరణ చరిత్రలో ఉంది. 1977లో సోవియట్ ప్రభుత్వం అరెస్టు చేసిన నతాన్ షరాన్‌స్కీ ఒంటరి గదిలో తన మనసులో వేల ఆటలు ఆడుకున్నానని చెప్పాడు. 1986లో విడుదలై ఇజ్రాయెల్ వెళ్లాక, 1996లో చదరంగ దిగ్గజం కాస్పరోవ్ ఒకేసారి అనేకులతో ఆడిన ప్రదర్శనలో ఆయనను ఓడించాడు కూడా. షరాన్‌స్కీ బాల్యం నుంచే గట్టి ఆటగాడన్న సంగతి మరవకూడదు. ఏమైనా, జ్వైగ్ కల్పన గాలిలోంచి ఊడిపడింది కాదు.

జ్వైగ్ నిజంగా పట్టుకున్న విషయం వేరే ఉంది. ఎదుటివాడి మనసు మనకు తెలియకపోవడం మీదే చదరంగమంతా నిలబడింది. తెల్లపావుల తరఫున ఆలోచించినదాన్ని నల్లపావుల తరఫున కూర్చున్నప్పుడు మరచిపోవాలి, మళ్లీ తెల్లవైపు వచ్చినప్పుడు గుర్తు తెచ్చుకోవాలి. ఒకే బుర్ర ఇది చేయాలంటే రెండుగా చీలక తప్పదు. తన నీడ మీదుగా తానే దూకడం లాంటిది ఇది అని డాక్టర్ బి అంటాడు. తెల్లవాడు గెలిస్తే నల్లవాడికి పగ, నల్లవాడు గెలిస్తే తెల్లవాడికి పగ. గదిలో అటూ ఇటూ పరుగులాంటి నడక, తీరని దాహం, నిద్రలోనూ ఎత్తులే. దీనికి అతడు పెట్టుకున్న పేరు చదరంగ విషం. చివరికి ఒకరోజు కాపలావాడి మీద పడి, కిటికీ అద్దం పగలగొట్టి, చేయి కోసుకుని ఆసుపత్రి పాలవుతాడు. అక్కడి దయగల వైద్యుడు మతి చలించినవాడని ధ్రువీకరించి విడుదల చేయిస్తాడు. షరతులు రెండు. పద్నాలుగు రోజుల్లో దేశం విడిచి వెళ్లాలన్నది నాజీలు పెట్టింది. చదరంగం జోలికి మళ్లీ పోవద్దన్నది వైద్యుడు చెప్పింది.

ఈ హోటల్ కల్పితం కాదు. 1873 ప్రపంచ ప్రదర్శన కోసం వియన్నాలో మోర్జిన్‌ప్లాట్జ్ దగ్గర కట్టిన మెట్రోపోల్‌ను యూదు యజమానుల నుంచి లాక్కుని 1938 వసంతంలో గెస్టాపో ప్రధాన కార్యాలయంగా మార్చారు. నాజీ రాజ్యం మొత్తంలో గెస్టాపోకున్న అతిపెద్ద కార్యాలయాల్లో అది ఒకటి, దాదాపు 900 మంది అక్కడ పనిచేశారు. రాజీనామా చేసిన షుష్నిగ్‌నూ, బ్యాంకరు లూయీ రోత్‌షీల్డ్‌నూ నెలల తరబడి ఆ గదుల్లోనే ఉంచారు. రోత్‌షీల్డ్ తన ఆస్తులు అప్పగించాకే 1939లో బయటపడ్డాడు. డబ్బున్నవాడిని చంపకుండా గదిలో పెట్టి పిండడం అనే పద్ధతి నిజంగా నడిచిందని చెప్పడానికి ఆ ఒక్క ఉదాహరణ చాలు. అలాగని హోటలంతా నిశ్శబ్దపు హింసే నడిచిందనుకుంటే పొరపాటు. పేరూ డబ్బూ లేని కార్మికులను, ప్రతిఘటన సంఘాల సభ్యులను అక్కడ కొట్టి చంపేంత హింసించారు. 1945 మార్చిలో బాంబుల దాడిలో ఆ భవనం నేలమట్టమైంది, ఇప్పుడు ఆ చోట స్మారక శిల ఉంది. జ్వైగ్ ఆ గదులను ఎన్నడూ చూడలేదు. 1938 మార్చిలో ఆయన వియన్నాలో కూడా లేడు. దూరాన ఉన్నవాడు తన ప్రవాసపు ఒంటరితనాన్నే ఆ గదిలోకి తెచ్చి పెట్టాడని విమర్శకులు చాలాకాలంగా అంటున్న మాటను నేనూ ఒప్పుకుంటాను.

ఇప్పుడు సినిమా తీసేవాడి కష్టం చూద్దాం. కథకు కీలకం ఏమీ జరగకపోవడం. ఖాళీ గదిలో ఒక మనిషి నెలల తరబడి కూర్చుంటాడు. జ్వైగ్ ఆ ఖాళీని వాక్యాలతో నింపగలడు. కెమెరా ముందు అది మంచం, గోడ, మనిషి మాత్రమే. 1960లో గెర్డ్ ఓస్వాల్డ్ పశ్చిమ జర్మనీలో తీసిన మొదటి చిత్రం ఈ కష్టాన్ని ఆ కాలపు మార్గంలోనే దాటింది. బెర్లిన్‌లో పుట్టి 1938లో అమెరికా చేరిన ఓస్వాల్డ్, ఖైదీ పాత్రను కర్ట్ యూర్గెన్స్‌కూ, ఛాంపియన్ పాత్రను మారియో అడార్ఫ్‌కూ ఇచ్చి, పుస్తకంలో లేని ఒక నర్తకిని క్లెయిర్ బ్లూమ్ రూపంలో చేర్చాడు. ఆమె గెస్టాపో అధికారికి సన్నిహితురాలు, ఖైదీ మీద జాలిపడుతుంది. గదిలో లేని నాటకీయత గది బయట ప్రేమ, ఈర్ష్య రూపంలో పుట్టుకొచ్చింది. ఆ ఏడాది వెనిస్ ఉత్సవంలో పోటీకి వెళ్లిన ఈ చిత్రంలో యూర్గెన్స్ నటన ఇప్పటికీ చూడదగినదే, కానీ నర్తకి తెర మీదికి వచ్చిన ప్రతిసారీ ఒంటరితనం బరువు తగ్గిపోతుంది. ఖైదీ గురించి ఆలోచించే మనిషి ఒకరు బయట ఉన్నారని మనకు తెలిసిపోయాక ఆ గది మునుపటంత ఖాళీగా అనిపించదు.

స్టోల్జల్, ఆయన రచయిత ఎల్దార్ గ్రిగోరియన్ దీనికి పూర్తిగా ఎదురు దారి పట్టారు. గదిలోని శూన్యాన్ని నింపే ప్రయత్నం మానేసి, శూన్యంలో ఉన్న బుర్ర ఏం తయారు చేస్తుందో చూపించారు. పుస్తకంలో అక్షరంతో సరిపెట్టిన డాక్టర్ బి ఇక్కడ యోసెఫ్ బార్టోక్ అనే నోటరీ అయ్యాడు. ఒలివర్ మసూచి ఆ పాత్ర చేశాడు. మార్చి 11 రాత్రి విందు నృత్యంలో తేలుతూ, రాజకీయాలు తనదాకా రావని ధీమాగా ఉన్న ఈ పెద్దమనిషి, చివరి నిమిషంలో కాగితాలు కాల్చి, ఖాతాల సంకేతాలను తలలో పెట్టుకుంటాడు. గెస్టాపో అధికారి బ్యోమ్‌కు కావలసింది ఆ సంకేతాలే. ఈ మార్పు తెలివైనది. ఖాతాల సంకేతాలూ అక్షరాలూ అంకెలే, చదరంగపు ఎత్తులూ అక్షరాలూ అంకెలే. ఒకే తలలో రెండూ కలిసి కూర్చున్నప్పుడు ఏది దాచుకోవాలి, ఏది ఆడుకోవాలి అన్న హద్దు చెరిగిపోతుందని మాటల్లో చెప్పకుండానే సినిమా చూపగలిగింది.

ఓడ సంగతి ఇక్కడే తేలాలి. సినిమా మొదలయ్యేసరికి బార్టోక్ మారుపేరు కాగితాలతో రోటర్‌డామ్‌లో అమెరికా వెళ్లే ఓడ ఎక్కుతున్నాడు. రేవులో భార్య అన్నా, బిర్గిట్ మినిచ్‌మయర్, అతడిని కలుసుకుంటుంది. పుస్తకం తెలిసిన ప్రేక్షకుడు ఇది విడుదల తర్వాతి కాలమని, హోటల్ దృశ్యాలు జ్ఞాపకాలని అనుకుంటాడు. కథ చాలాసేపు అలాగే నమ్మిస్తుంది. మెల్లమెల్లగా అన్నా కనబడకుండా పోతుంది, మీరు ఒంటరిగానే ఓడ ఎక్కారు అన్న మాట వినిపిస్తుంది. ఓడ నడవాలకూ హోటల్ నడవాలకూ పోలిక పెరుగుతుంది. అన్నిటికంటే బలమైన ఆధారం నటీనటుల ఎంపికలోనే ఉంది. గెస్టాపో అధికారి బ్యోమ్‌గానూ, చదరంగం ఛాంపియన్ చెంతోవిచ్‌గానూ చేసింది ఆల్‌బ్రెక్ట్ షూక్ ఒక్కడే. గడ్డం, తీరు, మాట మారినా కళ్లు మారవు. బయట ప్రపంచాన్ని చూడలేని ఖైదీ తన కల్పనకు కావలసిన ముఖాలను ఎక్కడి నుంచి తెచ్చుకుంటాడు? రోజూ కనిపించే ముఖం విచారణాధికారిదే, కాబట్టి ప్రత్యర్థికీ అదే ముఖం వస్తుంది. ఓడ హోటల్ గదిలోనే ప్రయాణిస్తోందని, అది పారిపోవడానికి ఆ మనసు కట్టుకున్న నౌక అని అర్థం చేసుకుంటే మిగతా ముడులన్నీ విడిపోతాయి.

ఈ లెక్కన సినిమాలో ముందూ వెనకా అనే వరస లేదు. ఓడ దృశ్యాలు హోటల్ దృశ్యాల తర్వాత జరిగినవి కావు, వాటితో పాటే జరుగుతున్నవి. ఈ విషయం తెలిసి రెండోసారి చూస్తే మొదటిసారి ఎడిటింగ్ గందరగోళంగా అనిపించిన చోట్లు తేటగా కనిపిస్తాయి. ఒక చోట తలుపు మూసుకుంటే మరో చోట తెరుచుకోవడం, ఓడలో కమ్మిన పొగమంచు గదిలోని కాలం లేనితనానికి సరిపోలడం కావాలని చేసినవే. కెమెరా పట్టిన థామస్ కీనాస్ట్ వియన్నా నృత్యశాలను బంగారు వెలుగులో ముంచి, హోటల్‌ను ఆకుపచ్చ, బూడిద రంగుల్లోకి దించడం కొంచెం ఎక్కువైందని నాకు అనిపించినా, ఆ తేడా దారి తెలిపే గుర్తుగా పనికొస్తుంది. హోమర్ ఒడిస్సీ ప్రస్తావనలు సినిమా పొడవునా ఉన్నాయి. ఇంటికి చేరలేక సముద్రంలో తిరిగే ఒడిస్యూస్, ఇల్లు దాటలేకే సముద్రాన్ని కల్పించుకున్న బార్టోక్ ఒకరికొకరు తలకిందులైన ప్రతిరూపాలు. చివర్లో ఆసుపత్రిలాంటి చోట మినిచ్‌మయర్ ముఖమే ఉన్న స్త్రీ అతడికి ఆ కావ్యాన్ని చదివి వినిపిస్తుంది. అతడికి ఆమె ఎవరో తెలుసా అన్నది ప్రేక్షకుడే తేల్చుకోవాలి.

ఇంతవరకూ సినిమా పక్షాన మాట్లాడాను. ఇప్పుడు పోయినదేమిటో చెప్పాలి. నవలికలో చెంతోవిచ్ నాజీ కాడు, దుర్మార్గుడూ కాడు. డబ్బు మీద ఆశ, మొరటుతనం, అహంకారం ఉన్న పల్లెటూరి మొండివాడు. విచిత్రమేమిటంటే, ప్రపంచ ఛాంపియన్ అయి ఉండీ బల్ల చూడకుండా అతడు ఒక్క ఆట కూడా ఆడలేడు, జేబులో ఎప్పుడూ మడత బల్ల పెట్టుకు తిరుగుతాడు. డాక్టర్ బి అందుకు పూర్తిగా ఎదురు. అతడికి చదరంగం ఊహలో తప్ప లేదు, ఓడలో బల్ల ముందు కూర్చున్నప్పుడు చెక్క పావులు చూసి ఆశ్చర్యపోతాడు. ఇద్దరిలో ఒకడికి ఊహే లేదు, రెండోవాడిని ఊహే కాల్చేసింది. ఒక్క విషయంలోనే మునిగిన మనసు మనిషిని ఏం చేస్తుందన్నదే జ్వైగ్ ప్రశ్న, ఇద్దరూ దానికి రెండు జవాబులు. సినిమా చెంతోవిచ్‌కు గెస్టాపో ముఖం తగిలించడంతో ఈ జత విరిగిపోయింది. ప్రత్యర్థి హింసకుడి నీడగా మారాడు, తనదైన బతుకు లేని బొమ్మ అయ్యాడు. పడవవాడి కొడుకు, పాదిరీ ఇల్లు, రాయలేని చేతులు, అంతా వృథా పోయింది. రోల్ఫ్ లాస్‌గార్డ్ చేసిన మెకానర్ పాత్ర కూడా ఇలాగే పలచబడింది. కాలిఫోర్నియా చమురులో డబ్బు గడించి, ఆటకు 250 డాలర్లు పారేసి మరీ ఓడిపోవడానికి సిద్ధపడే స్కాట్లండ్ ఇంజనీరు పుస్తకంలో నవ్వు తెప్పిస్తాడు, ఇక్కడ ఓడ యజమాని.

మూలానికి కట్టుబడడమే మంచి అని నేననడం లేదు. ఫ్రెంచి దర్శకుడు ఎరిక్ రోమేర్ 1976లో జర్మన్ రచయిత క్లైస్ట్ నవలిక ‘మార్క్విస్ ఫాన్ ఓ’ను జర్మన్ నటులతో, జర్మన్ భాషలో, సంభాషణలను దాదాపు అక్షరం పొల్లుపోకుండా తీశాడు. ఎడిత్ క్లేవర్, బ్రూనో గాంజ్ క్లైస్ట్ వాక్యాలను పలుకుతుంటే పుస్తకమే కదిలినట్టుంటుంది. అది అక్కడ కుదిరింది, ఎందుకంటే క్లైస్ట్ కథంతా బయటికి కనిపించే చర్యల్లో నడుస్తుంది, మనసులో ఏముందో ఆయన చెప్పడు. జ్వైగ్ కథ మనసు లోపలే నడుస్తుంది. ఆయనను అక్షరం పొల్లుపోకుండా తీస్తే రెండు గంటల పాటు ఒక మనిషి కుర్చీలో కూర్చుని మాట్లాడుతుండడం చూడాలి. స్టోల్జల్ మార్చక తప్పని స్థితిలో ఉన్నాడు. మార్చిన తీరులో ఒక ధర చెల్లించాడు, అంతే.

ఆ ధర ఎంతో పుస్తకపు ముగింపులో కొలవచ్చు. ఓడలో చెంతోవిచ్‌తో ఆడిన రెండో ఆటలో మెకానర్ బృందం బంటును చివరి గడికి నెట్టబోతుండగా వెనక నుంచి డాక్టర్ బి ఆపుతాడు. 1922లో పిష్చాన్ పోటీలో అలెఖిన్, బొగొల్యూబొవ్ ఆడిన ఆట ఇదేనని, ఈ ఎత్తు వేస్తే చిత్తవుతారని హెచ్చరించి ఆటను డ్రాగా ముగించేలా చేస్తాడు. మర్నాడు చెంతోవిచ్‌తో నేరుగా కూర్చుని మొదటి ఆట గెలుస్తాడు. వైద్యుడి మాట ప్రకారం అక్కడే లేవాలి. ఇంకొక్కటా అని చెంతోవిచ్ అడిగితే ఉత్సాహంగా ఒప్పుకుంటాడు. అతడి బలహీనత పసిగట్టిన చెంతోవిచ్ ప్రతి ఎత్తుకూ పది నిమిషాలు తీసుకోవడం మొదలుపెడతాడు. ఆ నిరీక్షణలో డాక్టర్ బి బుర్ర వేరే ఆటలు ఆడేస్తుంటుంది. చివరికి బల్ల మీద లేని ఆటలో రాజుకు చెక్ చెబుతాడు. అప్పుడు కథకుడు అతడి చేయి గట్టిగా పట్టుకుని ఒక్క మాట అంటాడు: గుర్తు తెచ్చుకో. కిటికీ అద్దం కోసిన చేతి మీది మచ్చ మీదుగా వేలు పోనిస్తాడు. డాక్టర్ బి వణికి, తేరుకుని, క్షమించమని చెప్పి లేచి వెళ్లిపోతాడు.

ఆ చేయి పట్టుకోగలిగినవాడు ముందు రోజు ఆ కథ విన్నవాడు కాబట్టే పట్టుకోగలిగాడు. మచ్చ ఎక్కడుందో, దాని అర్థమేమిటో అతడికి చెప్పి ఉన్నారు. అందుకే మూడు పొరల నిర్మాణాన్ని కేవలం పాతకాలపు అలంకారంగా చూడలేం. డాక్టర్ బి గతాన్ని గుర్తించగల మనిషిని కథలో ముందే నిలబెట్టి, ఆట చేయి దాటిన క్షణంలో అతడి చేతనే ఆపించడానికి జ్వైగ్ దాన్ని వాడుకున్నాడు. సినిమాలో ఓడంతా బార్టోక్ తలలోనే ఉంది గనుక అతడిని పట్టి ఆపేవారెవరూ ఆ ఓడలో లేరు. అక్కడ ఆట ఆగాలంటే బ్యోమ్ ఓడాలి, లేదా మనిషి విరగాలి. స్టోల్జల్ రెండూ ఒకేసారి జరిగేలా చేశాడు, ఆ ఘట్టం తెర మీద నిజంగా బలంగానే ఉంటుంది. జ్వైగ్ చివరి మాట మాత్రం ఆ సినిమాలో ఎవరి నోటా పలకడానికి వీలు లేదు. డాక్టర్ బి వెళ్లిపోయాక చెంతోవిచ్ కుర్చీలోంచి లేస్తూ, సగంలో ఆగిన ఆటను మరోసారి చూసి, దాడి అంత చెడ్డగా ఏమీ లేదని, ఔత్సాహికుడికి ఈయనలో అసాధారణమైన ప్రతిభే ఉందని ఉదారంగా మెచ్చుకుంటాడు. ఆ మెప్పులో ఉన్న గుడ్డితనం పండాలంటే మెచ్చుకునేవాడు డాక్టర్ బి తలకు బయట ఉన్న, ఆ గది గురించి ఏమీ తెలియని నిజమైన మనిషి కావాలి. స్టోల్జల్ ఓడలో అలాంటివాడు లేడు.